తాళం చెవి మన చేతిలో ఉన్నప్పుడు: హార్డ్‌వేర్ వాలెట్ గురించి నాలుగు మాటలు

(సంఘం జిల్లా శాఖ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఈ విషయం మీద మాట్లాడమన్నప్పుడు, డి.ఏ. బకాయిలు, హెల్త్ కార్డుల సంగతి చర్చించుకోవలసిన సభలో ఈ క్రిప్టో గొడవ మనకెందుకండీ అని అడిగాను. "మనం కొనకపోయినా మన పిల్లలు కొంటున్నారు గదా! కొన్నవి తెచ్చి మన బీరువాల్లోనే దాస్తున్నారు" అన్నారాయన. ఆ మాట కాదనలేకపోయాను. నిరుడు సంక్రాంతికి వచ్చిన మా అబ్బాయి బొటనవేలంత పరికరమొకటి, అంటించిన కవరొకటి నా చేతిలో పెట్టి "నాన్నా, రెండూ జాగ్రత్తగా దాచండి" అన్నాడు. ముప్పై నాలుగేళ్లు ఖజానా శాఖలో పనిచేసినవాణ్ణి. లోపల ఏమున్నదో తెలియని కవరు ముట్టినట్టు సంతకం చేసే అలవాటు నాకు లేదు. సంగతేమిటో చెబితేనే తీసుకుంటానన్నాను. వాడు ఆ పని మా మనవరాలికి అప్పజెప్పాడు. ఆ పిల్ల రెండు ఆదివారాలు నన్ను కూర్చోబెట్టి నేర్పింది. నాకు బోధపడినంతవరకు మీకు మనవి చేస్తాను.

ముందుగా ఒక మాట. క్రిప్టో కొనమని చెప్పడానికి నేను రాలేదు. గ్రాట్యుటీ సొమ్ము, కమ్యుటేషన్ సొమ్ము ఇందులో పెట్టవద్దనే నా సలహా. 2021 నవంబరులో ఒక బిట్‌కాయిన్ ధర సుమారు 69 వేల డాలర్లు. ఏడాది తిరిగేసరికి అది 16 వేలకు లోపు పడిపోయింది. తరువాత మళ్లీ పెరిగింది, కాదనను. కాని ఆ ఊగిసలాటకు తట్టుకునే వయసు మనది కాదు. రిజర్వు బ్యాంకు 2013 డిసెంబరు నుంచే ప్రజలను హెచ్చరిస్తూ వచ్చింది. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం పన్ను, ఆ జూలై నుంచి అమ్మకం మీద ఒక శాతం టి.డి.ఎస్. వచ్చాయి. ఒక దానిలో వచ్చిన నష్టం మరొక దాని లాభంలో తగ్గించుకోవడానికి కూడా వీలులేదు. ఇక కొనడం సంగతి అంతే. ఇంట్లోకి వచ్చిన తరువాత ఏమిటన్నదే ఈరోజు మన విషయం.

బిట్‌కాయిన్ అంటే 2009 జనవరిలో మొదలైన ఒక పెద్ద రిజిస్టరు. దాని నకళ్లు ప్రపంచమంతటా వేలాది కంప్యూటర్లలో ఉన్నాయి. ఎవరి పద్దులో ఎంత ఉన్నదో అందులో ఉంటుంది. హార్డ్‌వేర్ వాలెట్ అనే ఈ పరికరంలో డబ్బు ఏమీ లేదు. ఇది చాలామందికి ఎక్కదు, నాకూ మొదట ఎక్కలేదు. మన ఆఫీసుల్లో డ్రాయింగ్ ఆఫీసరు సంతకం నమూనాతో సరిపోతేనే బిల్లు పాసయ్యేది గదా. ఆ సంతకం చేసే చెయ్యి ఈ పరికరంలో ఉన్నదనుకోండి. కంప్యూటరు బిల్లు తయారుచేసి లోపలికి పంపుతుంది. పరికరం సంతకం చేసి బయటికి పంపుతుంది. చెయ్యి మాత్రం బయటికి రాదు. కంప్యూటరులో వైరస్ ఉన్నా ఆ చేతిని ఎత్తుకుపోలేదు. ఇటువంటి పరికరం మొదట 2014లో చెక్ దేశంవారు ట్రెజర్ అనే పేరుతో అమ్మకానికి తెచ్చారు. ఫ్రాన్స్‌వారి లెడ్జర్ కూడా బాగా వాడుకలో ఉన్నది.

ఎక్స్ఛేంజీలోనే వదిలేస్తే పోలేదా అని మీరు అడగవచ్చు. 2014లో జపానులో మౌంట్ గాక్స్ మూతపడింది. 2022 నవంబరులో ఎఫ్.టి.ఎక్స్. కూలింది. మన దేశంలోనే 2024 జూలైలో వజీర్‌ఎక్స్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైనవి దొంగలు తరలించారు. ఈ మూడుచోట్లా తాళం చెవి ఖాతాదారుల దగ్గర లేదు. సొంత చెవి ఉంటే ఆ బెడద తప్పుతుంది, నిజమే. దాని బదులు మరో బరువు నెత్తిన పడుతుంది. చెవి పోతే డూప్లికేటు ఇచ్చే ఆఫీసు ఏదీ లేదు. అర్జీ పెట్టుకోవడానికి కౌంటరు లేదు, పై అధికారి లేడు, నామినేషన్ ఫారం అంతకన్నా లేదు.

ఇక ఏర్పాటు. పరికరం తయారీదారు సొంత అంగడి నుంచి గాని, వారు తమ జాబితాలో చూపిన అమ్మకందారు నుంచి గాని కొనాలి. ఎవరో వాడి అమ్మినది, సగం ధరకు వచ్చినది వద్దే వద్దు. పెట్టె విప్పగానే పిన్ నంబరు ముందే పెట్టి ఉన్నా, పదాల కార్డు మీద పదాలు ముందే అచ్చువేసి ఉన్నా అది మోసం. వెంటనే పక్కన పెట్టేయండి. ఆ పదాలు అచ్చువేసినవాడి దగ్గర కూడా ఉంటాయి. మీరు డబ్బు వేసేదాకా ఆగి తీసుకుపోతాడు.

కంప్యూటరులోకి ఎక్కించే సాఫ్ట్‌వేర్ కూడా తయారీదారు వెబ్‌సైటు నుంచే తీసుకోవాలి. 2023 నవంబరులో మైక్రోసాఫ్ట్ వారి స్టోరులోనే లెడ్జర్ పేరుతో నకిలీ యాప్ ఒకటి చేరి, నమ్మినవారి సొమ్ము లాగేసింది. పెద్ద అంగడిలో కనిపించింది గనుక అసలుదే అనుకోవడానికి వీలులేదు.

పరికరాన్ని తెరిచి, పిన్ పెట్టుకున్న తరువాత అసలు ఘట్టం వస్తుంది. దాని చిన్న తెర మీద ఒకదాని తరువాత ఒకటి ఇంగ్లీషు పదాలు కనిపిస్తాయి. కొన్నిటిలో 12, ఎక్కువవాటిలో 24. ఇవి 2,048 మాటల జాబితా నుంచి వస్తాయి. ఆ జాబితాలో ఏ రెండు మాటలకూ మొదటి నాలుగక్షరాలు ఒకటిగా ఉండవు, కనుక చేతిరాత కాస్త అటూ ఇటూ అయినా పదం పోల్చుకోవచ్చు. ఈ పదాలే తాళం చెవి. పరికరం విరిగినా, నీళ్లలో పడినా, కంపెనీయే మూతపడినా, ఈ పదాలను వరుస తప్పకుండా ఇదే పద్ధతి పాటించే మరొక పరికరంలో ఎక్కిస్తే పద్దు తిరిగి వస్తుంది. ఇదే కాగితం దొంగకు చిక్కితే, పరికరంతోగాని పిన్‌తోగాని వాడికి పనే లేదు.

కాబట్టి రాసేటప్పుడు గదిలో ఇతరులు ఉండకూడదు. నంబరు వేసి, పెద్ద అక్షరాలతో, మన చేత్తోనే రాయాలి. ఫోనుతో ఫొటో తీయకూడదు. ఈ కాలపు ఫోన్లు తీసిన ఫొటోను మనకు చెప్పకుండానే ఇంటర్నెట్‌లో దాచిపెడతాయి. వాట్సాప్ పనికిరాదు, ఈమెయిల్ పనికిరాదు. మనవాళ్లకు మరీ ముఖ్యంగా చెబుతున్నాను: మూడు కాపీలు తీయిద్దామని జిరాక్స్ షాపుకు పట్టుకుపోకండి.

రాసిన తరువాత సరిచూసుకోవాలి. ఇక్కడ మా మనవరాలు నాకు చేయించిన పని మీకూ చెబుతాను. డబ్బు ఏమీ వేయకముందే "తాతయ్యా, మూడుసార్లు తప్పు పిన్ కొట్టు" అన్నది. లెడ్జర్‌లో మూడుసార్లు తప్పు కొడితే పరికరం తనను తానే చెరిపేసుకుంటుంది. చేతులారా చెరపడమా అని నా ప్రాణం ఒప్పలేదు. కొట్టాను, అంతా పోయింది. అప్పుడు కాగితం చూస్తూ 24 పదాలూ పరికరంలో ఎక్కించమన్నది. ముప్పావుగంట పట్టింది, చిన్న బొత్తాలు, నా కళ్లద్దాలు. చివరికి మొదట చూసుకున్న చిరునామాయే తెర మీద కనిపించింది. అప్పుడుగాని ఆ కాగితం మీద నాకు నమ్మకం కుదరలేదు. ఈ పరీక్ష చేయని కాగితాన్ని నేను రికార్డుగా ఒప్పుకోను.

తరువాత చిన్న మొత్తం పంపి, అది చేరిన తరువాతనే మిగతాది పంపాలి. చిరునామా బారెడు పొడుగు ఉంటుంది. కాపీ చేసి అంటించేటప్పుడు దాన్ని మార్చేసే వైరస్‌లు ఉన్నాయి. అందుకే కంప్యూటరు తెరను కాక, పరికరం తెరమీద కనిపించే చిరునామాను మొదటి నుంచి చివరిదాకా పోల్చుకోవాలి. అర్థం కానిదానికి పరికరం మీద సరే నొక్కకూడదు. అది సంతకంతో సమానం.

ఇప్పుడు దాచే సంగతి. మా సబ్ ట్రెజరీలో స్ట్రాంగ్ రూముకు డబుల్ లాక్ ఉండేది. ఒక చెవి ఎస్.టి.ఓ. గారి దగ్గర, రెండవది షరాబు దగ్గర. ఇద్దరూ వస్తేనే తలుపు తెరుచుకునేది. మా అబ్బాయి చేసిందేమిటంటే, పరికరమూ, పదాల కవరూ కలిపి ఒకే చేతికి ఇచ్చాడు. ఇల్లు దోచినా, తగలబడినా రెండూ ఒకేసారి పోతాయి. రెండు చెవులూ ఒకే గుత్తికి వేయడం ఏ శాఖ పద్ధతిరా అని అడిగాను. ఇప్పుడు ఆ రెండూ రెండు ఊళ్లలో ఉన్నాయి, మా ఇంట్లో ఏదీ లేదు. ఈ మాట సభలో చెప్పగలుగుతున్నది కూడా అందుకే.

పదాలను చెరి సగం చేసి ఇద్దరి దగ్గర పెడితే డబుల్ లాక్ అవుతుంది గదా అని ఒక మిత్రుడు అడిగారు. కాదు. ఒక సగం పోయినా మొత్తం పోయినట్టే. విడివిడిగా దాచడానికి కొన్ని పరికరాల్లో వేరే పద్ధతి ఉన్నది గాని, మన వయసుకు ఆ లెక్క అనవసరం. పూర్తి కాగితాలు రెండు, రెండు వేరువేరు చోట్ల, సీలు వేసి, సీలు మీద సంతకం, తేదీ. కాగితానికి చెదలు, వాన, నిప్పు శత్రువులు. పదాలు చెక్కుకునే స్టీలు పలకలు దొరుకుతాయి. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే నెలలోనే సీలు చెక్కుచెదరలేదని చూసుకుంటే మరపు ఉండదు.

మన సభ్యుల్లో ఒకరి ఇంట జరిగినది చెబుతాను. పేరు లేకుండా చెప్పమని ఆయనే అనుమతించారు. ఆయన కుమారుడు 2023లో హఠాత్తుగా కాలం చేశాడు. కర్మలన్నీ అయిన తరువాత అల్మరాలో ఈ పరికరం దొరికింది. స్నేహితులు చెబితేనే అదేమిటో తెలిసింది. తల్లి చెప్పిన పుట్టినతేదీ, పెళ్లిరోజు, కారు నంబరు వరసగా కొట్టారు. మూడవదానితో అది చెరిగిపోయింది. పదాలుంటే చాలునని అప్పుడు తెలిసింది. 24 ఇంగ్లీషు మాటలు వరుసగా రాసిన కాగితం ఒకటి ఆ ఇంట్లోనే ఉండేదట. మనవడి డిక్టేషన్ అనుకొని పాత పేపర్లతో కలిపి వేసేశారు. ఆ పద్దు ఆ రిజిస్టరులో అలాగే ఉన్నది. కోడలు ఇప్పటికీ దాన్ని కంప్యూటరులో చూడగలదు, తాకలేదు.

అబ్బాయి అంతా సక్రమంగానే చేశాడు, ఇంట్లోవారికి చెప్పడం ఒక్కటే మిగిలిపోయింది. అందుకే ప్రతి ఇంటా తెలుగులో ఒక ఉత్తరం ఉండాలి. పి.పి.ఓ., వీలునామా ఉన్న ఫైలులోనే పెట్టండి. ఇటువంటి పరికరం ఉన్నది, ఫలానా చోట ఉన్నది, సీలు కవర్లు ఫలానా చోట్ల ఉన్నాయి, సాయం ఫలానా బంధువును అడగండి, పదాలను ఏ వెబ్‌సైటులోనూ కొట్టకండి, ఫోనులో ఎవరికీ చదివి వినిపించకండి. అంతవరకే రాయాలి. పదాలు ఆ ఉత్తరంలో ఉండకూడదు. పిన్ కూడా అక్కరలేదు, పదాలుంటే పరికరాన్ని తిరిగి నిలబెట్టుకోవచ్చు. ఇది పిల్లలు తమంతట తాము చేయరు. పండక్కి వచ్చినప్పుడు మనమే కూర్చోబెట్టి రాయించాలి. కొంచెం విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

చివరగా ఫోన్ల సంగతి. 2020లో లెడ్జర్ కంపెనీ ఖాతాదారుల వివరాలు బయటికి పొక్కాయి. సుమారు 2 లక్షల 70 వేల మంది పేర్లు, ఇంటి చిరునామాలు, ఫోను నంబర్లు అందులో ఉన్నాయి. మరుసటి ఏడు కొందరికి "మీ పరికరం మారుస్తున్నాం" అంటూ నకిలీ పరికరాలే పోస్టులో వచ్చాయి. కంపెనీ ముద్రతో ఉత్తరాలు కూడా వస్తున్నాయి. ఎంత మర్యాదగా మాట్లాడినా, పోలీసునని బెదిరించినా, పదాలు అడిగినవాడు దొంగే. అసలు కంపెనీవాడికి వాటితో పనిలేదు. మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి. బ్యాంకు సొమ్మయితే మధ్యలో ఆపించే అవకాశం ఉంటుంది. క్రిప్టో దాటిపోతే రప్పించడం మహా కష్టం.

అభ్యాసం కోసం మా మనవరాలు వాడిన ఖాళీ పరికరం ఒకటి తెచ్చాను. టీ అయిన తరువాత చూడదలచినవారు వెనుక బల్ల దగ్గరికి రండి. మూడుసార్లు తప్పు పిన్ కొట్టి చూడవచ్చు, ఎంతమంది చెరిపినా నష్టం లేదు. కళ్లద్దాలు మాత్రం తెచ్చుకోండి. సెలవు.