పూలతోటలలో ఎర్రనల్లి

నల్లి అనగానే మంచపు కోళ్ల సందులలో దాగి రాత్రివేళ నెత్తురు పీల్చు పురుగు మన మనస్సునకు తోచును. పూలతోటల వారు ఎర్రనల్లి అని పిలుచునది దానికి చుట్టము కాదు. ఇది సాలెపురుగు వంశమునకు చెందిన జీవి. పురుగులకు ఆరు కాళ్లుండగా, పెరిగిన ఎర్రనల్లికి ఎనిమిది కాళ్లుండును. పొడవు అర మిల్లీమీటరునకు మించదు. పేరునకు ఎర్రనల్లియే గాని, చాల తోటలలో అది లేత పసుపుగానో ఆకుపచ్చగానో ఉండి, వీపునకు ఇరుప్రక్కల రెండు నల్లమచ్చలతో కనిపించును. ఆకు అడుగున సన్నని బూజు అల్లుకొని, ఆ బూజు మరుగున గ్రుడ్లు పెట్టి, ఆకులోని పసరు పీల్చి బ్రతుకును.

కీసరగుట్టపై రామలింగేశ్వరస్వామి జాతర మహాశివరాత్రికి జరుగును. ఆనాటితో చలి శివశివా అని పోవునని పెద్దల మాట. చలి పోవుటయే ఈ నల్లికి కావలసినది. వాతావరణము 20 డిగ్రీలుగా ఉన్నప్పుడు గ్రుడ్డు పెరిగి పెద్ద నల్లి అగుటకు రెండు వారములు దాటును. ఎండ ముదిరి 30 డిగ్రీలకు చేరినచో 8 లేక 10 దినములు చాలును. ఒక్కొక్క ఆడ నల్లి తన జీవితకాలమున 100 గ్రుడ్ల వరకు పెట్టగలదు. పైగా మగదానితో కలయకుండగనే గ్రుడ్లు పెట్టగలదు. ఆ గ్రుడ్ల నుండి మగవి మాత్రమే పుట్టును. ఆ మగవాటితో కలిసి అది మరల ఆడవాటిని కనును. కాబట్టి గాలికి ఒక దారపు పోగుపై తేలివచ్చిన ఒకే ఒక ఆడ నల్లి తోటనంతటిని ఆక్రమించుటకు మూలము కావచ్చును.

జాతర, ఉగాది, శ్రీరామనవమి, ఆ వెనుక వేసవి పెండ్లిండ్లు: పూవునకు ధర పలుకు దినములును ఇవియే. గులాబీయైనను, చామంతియైనను తెల్లవారకముందే కోసి, బుట్టలకెత్తి, నగరమునకు ఆవలి వైపున ఉన్న గుడిమల్కాపూరు మార్కెట్టునకు చేర్చవలెను. ఆ తొందరలో ఆకు త్రిప్పి చూచు తీరిక ఎవరికి ఉండును? ఆకుపై సూదితో పొడిచినట్లు తెల్లని చుక్కలు కనబడినపుడు నీటి ఎద్దడి అనుకొందురు. ఆకు కంచురంగునకు తిరిగి రాలిపోవునప్పుడు ఎరువు చాలలేదనుకొని యూరియా వేయుదురు. నత్రజని ఎక్కువైన లేత ఆకు నల్లికి మరింత ఇష్టమైన ఆహారము. మొగ్గల మీద బూజు కనబడునప్పటికి పరిస్థితి చేయి దాటిపోవును.

ఆ మధ్య కీసర ప్రాంతమున ఒక గులాబీ తోటకు మేము వెళ్లియుంటిమి. తోట యజమానురాలు పెద్దావిడ. మందుల దుకాణమువారు ఇచ్చిన పైరెత్రాయిడ్ రకపు మందును పది దినములలో మూడుసార్లు కొట్టించినదట. "ఎంత కొడితే అంత పెరుగుతున్నది సారూ, మందు తాగి బలుస్తున్నదా ఏంది?" అని అడిగినది. నవ్వు పుట్టించు మాటయే గాని, అందులో సత్యము లేకపోలేదు. పచ్చపురుగును చంపుటకు చేసిన ఆ మందు నల్లిని అంతగా చంపదు. నల్లిని తిని బ్రతుకు మిత్రజీవులను మాత్రము తుడిచిపెట్టును. అంతేగాక, కొన్ని పురుగుమందులు తగిలిన ఆడ నల్లి మునుపటికన్న హెచ్చుగా గ్రుడ్లు పెట్టునని పరిశోధకులు గుర్తించిరి.

ఈ కథ కీసరతో మొదలైనది కాదు. రెండవ ప్రపంచ యుద్ధమునకు పూర్వము నల్లి చాల పంటలలో లెక్కకు రాని శత్రువు. యుద్ధానంతరము డి.డి.టి. మొదలైన మందులు తోటలలోనికి వచ్చిన పిమ్మట మిత్రజీవులు నశించి, నల్లి ప్రపంచమంతట పెద్ద శత్రువుగా ఎదిగినది. దానిని అణచుటకు వచ్చిన డైకోఫాల్ అను మందు కూడ డి.డి.టి. నుండియే తయారైనది. మన రైతులు దశాబ్దములుగా లీటరు నీటికి ఇన్ని మిల్లీలీటర్లని లెక్క కట్టి వాడిన మందు అది. 2019లో స్టాక్‌హోమ్ ఒప్పందమున దానిని నిర్మూలించవలసిన విషములలో చేర్చిరి. 2023లో మన కేంద్ర ప్రభుత్వము నిషేధించినది. పాత సీసా కొట్టము మూలలో మిగిలియున్నను దానిని వాడరాదు. కొత్త మందులకైనను నల్లి త్వరగా అలవాటుపడును. 2011లో దీని జన్యుక్రమమును ప్రకటించిన శాస్త్రజ్ఞులు, ఇది 1,100కు పైగా మొక్కజాతులపై బ్రతుకుచున్నదనియు, విషములను విరిచివేయు జన్యువులు దీనిలో మెండుగా ఉన్నవనియు తెలిపిరి. అన్ని రకముల మొక్కల చేదును జీర్ణించుకొనిన ప్రాణికి మన మందుల చేదు ఒక లెక్కయా?

పూలతోట విషయమున మరియొక చిక్కు ఉన్నది. వంకాయనైనను కడిగి వండుకొందుము. పూవును కడుగువారు లేరు. నిన్న సాయంత్రము మందు కొట్టిన గులాబీని నేటి వేకువన ఆడకూతురు వట్టి చేతులతో కోయును. అది జడలోనికి పోవును, దేవుని పాదములకడ చేరి ప్రసాదముతో కలిసి మరల మన చేతికి వచ్చును. గుల్కందు చేయువారు రేకులను తినుటకే కొందురు. కాబట్టి పూత పట్టిన తరువాత విషము చల్లుట అనగా ఆ విషమును మనుష్యులకు పంచిపెట్టుటయే. ఇదే చిక్కు వేరొక రూపమున కెనడాలో కనబడును. అచట 2018 నుండి గంజాయి సాగు చట్టబద్ధమైనది. మన దేశమున 1985 నాటి చట్టము ప్రకారము అనుమతి లేని గంజాయి సాగు నేరము. ఆ సంగతి అటుండనిండు. ఆ మొక్కకు సరుకు దాని పూవే గనుక, దానిపై చల్లదగిన మందులు అచట మిక్కిలి కొద్ది. అందుచేత ఆ పెంపకందారులు నల్లిని తిను వేరొక నల్లిని కొని తెచ్చి తోటలో విడుతురు.

ఆ నల్లి చరిత్ర చెప్పదగినది. 1958లో దక్షిణ అమెరికాలోని చిలీ నుండి జర్మనీకి వచ్చిన ఆర్కిడ్ మొక్కలతోపాటు అది యాదృచ్ఛికముగా ఐరోపా చేరినది. పండుకాయ రంగులో, ఎర్రనల్లికన్న చురుకుగా పరుగెత్తును. ఎర్రనల్లి తప్ప దానికి వేరు ఆహారము లేదు. 1960లలో నెదర్లాండ్స్‌లో మందుల వలన తన ఆరోగ్యము చెడిన ఒక దోస రైతు దీనిని పెంచి తోటలో విడిచి ఫలితము పొంది, తుదకు ఇరుగుపొరుగు రైతులకు అమ్మసాగెను. మనము అంత దూరము పోనక్కరలేదు. నల్లిని తిను నల్లులు మన నేలపైనను సహజముగా ఉన్నవి. ఆవగింజకన్న చిన్నదైన నల్లని అక్షింతల పురుగు కూడ దీనిని తిని బ్రతుకును. మందు కొట్టని తోటలో ఇవి తమంతట తామే వచ్చును. వచ్చినవానిని చంపకుండుటయే మనము చేయవలసిన పని.

ఇక రైతు చేతిలో ఉన్న పనులు చెప్పెదము. వారమునకు రెండుసార్లు తోటలో అచ్చటచ్చట ఆకుల క్రింద తెల్లకాగితము పట్టి కొమ్మను తట్టవలెను. కాగితముపై పడిన నలుసులలో కదలునవి ఉన్నచో అవి నల్లులు. పది రెట్లు పెద్దదిగా చూపు భూతద్దము దగ్గర ఉంచుకొనుట మంచిది. మొదట బాట ప్రక్కనున్న వరుసలను చూడవలెను. ఔటర్ రింగు రోడ్డు కీసర మీదుగా పోవుచున్నది. మట్టిబాటలకు కొదువ లేదు. దుమ్ము పట్టిన ఆకుపై నల్లి హెచ్చును, మిత్రజీవులు నిలువవు.

అన్నిటికన్న చౌకయైన మందు నీరు. బిందుసేద్యము నీటిని ఆదా చేయును, సందేహము లేదు. కాని దానివలన ఆకు ఎన్నడును తడియదు. నల్లి కనబడిన వరుసలలో పిచికారి ముక్కును పైకి త్రిప్పి, ఆకు అడుగు భాగమునకు బలముగా తగులునట్లు నీరు కొట్టవలెను. బూజు తెగును, నల్లులు రాలును. గ్రుడ్లు కొన్ని అంటుకొనియే ఉండును గనుక మూడు నాలుగు దినములకొకసారి, నాలుగు విడతలైనను చేయవలెను. ఉదయముననే చేయవలెను, సాయంత్రపు తడి రాత్రియంతయు నిలిచి గులాబీకి నల్లమచ్చ తెగులు తెచ్చును.

మొగ్గ తొడుగుటకు ముందైనచో లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను కొంచెము సబ్బునీటితో కలిపి చల్లవచ్చును. నీటిలో కరుగు గంధకము లీటరునకు 3 గ్రాముల చొప్పున పనిచేయును. కాని ఎండ తీవ్రముగా ఉన్నప్పుడును, నూనె చల్లిన రెండు వారములలోపలను గంధకము చల్లినచో ఆకు మాడును. అంతకు మించి మందు అవసరమైనచో డబ్బాపై ఆ పంట పేరును, నల్లి పేరును రెండును అచ్చయి ఉన్నవో లేవో చదివించుకొని, పూత లేని సమయముననే వాడవలెను. ఒకే మందును వరుసగా రెండవమారు కొట్టరాదు.

ఉప్పల్, నాచారములలో మేడపై కుండీలు పెంచు గృహిణుల ఉత్తరములు మాకు వచ్చుచుండును. ఎండకు కాగిన గచ్చు మీది కుండీ నల్లికి స్వర్గము. తులసికోటలోని తులసికి కూడ ఇది పట్టును. తులసిదళమును తీర్థముతో నోట వేసుకొందుము గనుక దానిపై ఏ మందును చల్లరాదు. వేపనూనె సహితము వలదు. బూజు పట్టిన కొమ్మలను త్రుంచి, సంచిలో మూతిగట్టి పారవేసి, మిగిలిన ఆకులను అడుగువైపు తిప్పి చేతి వ్రేళ్లతో నీటిలో కడుగవలెను. కొత్తగా నర్సరీ నుండి తెచ్చిన మొక్కను పది దినములు తక్కిన కుండీలకు దూరముగా ఉంచి, ఆకు అడుగు చూచిన పిదపనే వాటి సరసన చేర్చవలెను.