వేసవిలో వృద్ధాశ్రమము

కూర్మన్నపాలెము కూడలిలో నిలిచి చూచినచో ఒక ప్రక్క జాతీయ రహదారియు, మరియొక ప్రక్క ఉక్కునగరమునకు పోవు దారియు కనుపించును. 1966లో "విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు" అని తెలుగువారు ఉద్యమించిరి. 1971 జనవరి 20వ తేదీన కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. 1992లో అది జాతికి అంకితమైనది. దానికై భూములు విడిచినవారును, దానిలో పని వెదకుకొనుచు వచ్చినవారును ఆనాడు యౌవనమున నుండిరి. నేడు వారి తలలు నెరసినవి. పిల్లలు కొందరు హైదరాబాదులో, కొందరు బెంగుళూరులో, కొందరు సముద్రముల కావల నున్నారు. ఈ ప్రాంతమున వృద్ధాశ్రమముల అవసరము కలుగుటకు ఇదియు నొక కారణము.

మా వీధివారము కొందరము కలిసి ఇచ్చటి యొక ఆశ్రమమునకు కొన్ని వేసవులుగా పోయి వచ్చుచున్నాము. అక్కడ మేము నేర్చుకొన్న విషయమును నేడు మనవి చేయుదుము.

ఉక్కు ఊరిలో ఎండకన్న ఉక్క ఎక్కువ. రెంటచింతలలో వలె ఇక్కడ ఎండ నిప్పులు చెరుగదు. కాని సముద్రము చెంత గాలిలో తేమ నిండి యుండుటచేత చెమట ఆరదు. చెమట ఆరినప్పుడే గదా శరీరము చల్లబడునది! వయస్సు మీరిన కొలది దాహము తెలియుట తగ్గును. చెమట పట్టుటయు తగ్గును. రక్తపుపోటుకు వాడు మందులలో కొన్ని ఒంటిలోని నీటిని వెలుపలికి పంపును. అందుచేత ముదుసలివారికి వడదెబ్బ చెప్పి రాదు. నోరెండినదని వారు చెప్పునప్పటికే ఆలస్యము కావచ్చును.

మొదటి వేసవిలో మేము కూజాలు కొని యిచ్చితిమి. కిటికీలకు వట్టివేళ్ళ తడికలు కట్టించితిమి. మా పని ముగిసినదని తలచితిమి. ఒక మామ్మగారి కూజా మాత్రము ప్రొద్దున నింపినది నింపినట్లే సాయంకాలమునకును ఉండెడిది. కారణ మడిగినచో ఆమె మెల్లగా ఇట్లు చెప్పెను: "నీళ్ళు తాగితే రాత్తిరి నాలుగుసార్లు లెగాల, బాబూ. నిద్దరోతున్న ఆ పిల్లని ఎన్నిసార్లు లేపగలను?"

పరిచారికను లేపుటకు మొగమాటపడి ఆమె దాహము చంపుకొనుచున్నది! కూజా ఇచ్చితిమి గాని, ఆ నీరు త్రాగు ధైర్యమును మేము ఇయ్యలేకపోతిమి. తరువాత స్నానాలగదివరకు రాత్రి యంతయు వెలుగు చిన్న దీపమును, గోడ పొడవున పట్టుకొను కడ్డీని అమర్చితిమి. ఆమెకు ప్రక్కమంచము నామెను జతగా చేసితిమి. ఈమె లేచిన ఆమె లేచును. ఆమె త్రాగిన ఈమె త్రాగును. "అప్పా, నీ వంతు అయిపోనాదా?" అను మాట అది మొదలు ఆ గదిలో గంట గంటకును వినిపించుచుండెను.

ఇది మాకు తోచిన చిట్కాయే గాని, దీని వెనుక పెద్ద సత్యమే యున్నది. 1995 జూలైలో అమెరికాలోని షికాగో నగరమున వడగాలికి సుమారు 700 మంది మరణించిరి. వైద్యులు పరిశోధించి చూడగా, ఒంటరిగా బ్రతుకువారికిని, దినదినము ఇల్లు కదలనివారికిని అపాయము ఎక్కువగా నుండెననియు, స్నేహితులును నలుగురితో కలిసి చేయు కార్యములును కలవారికి తక్కువగా నుండెననియు తేలినది. 2003లో ఫ్రాన్సు దేశమున వేసవి గాడ్పులకు సుమారు 15,000 మంది అసువులు బాసిరి. వారిలో చాలమంది వృద్ధులే. అటుపిమ్మట ఆ దేశమున వృద్ధుల వసతిగృహములలో చల్లని గది యొకటి ఉండవలెనని నియమము చేసిరి. చల్లని గది అవసరమే. దానితోపాటు పలుకరించు మనిషియు అవసరమే.

అందుచేత ఇప్పుడు ఆశ్రమములో వేసవి దినచర్య జతల మీద నడచుచున్నది. తెల్లవారకమునుపే నడక. ఆపై చోడి అంబలి గాని, తరవాణి గాని. పదకొండు మొదలు నాలుగువరకు ఎవ్వరును ఎండలోనికి పోరాదు. "దాహముగా ఉన్నదా?" అని యెవ్వరును అడుగరు, గ్లాసు చేతి కిత్తురు. కొలిమిచెంత పనిచేసి విరమించిన పెద్ద యొకరు, "దాహం వేశాక తాగడం కాదయ్యా, వేయకముందే తాగాలి" అని అందరికిని బోధించుచుందురు. ఉప్పు, నీరు ఎంత పుచ్చుకొనవలెనో వైద్యుడు నిర్ణయించిన హృద్రోగులకు, మూత్రపిండముల వ్యాధి కలవారికి ఆ కొలతయే పాటింతురు.

వైశాఖమున ఆవకాయ వచ్చినది. కత్తిపీటలు, కారము, ఉప్పు - ఇవి వృద్ధుల కేలనని నిర్వాహకులు మొదట వలదనిరి. వారి భయము న్యాయమైనదే. కాయలు కొట్టుట యువకులకు అప్పగించితిమి. పని ప్రొద్దున తొమ్మిదిలోపల ముగియవలెనని యేర్పరచితిమి. జీడి తీసి ముక్క తుడుచుట, ఆవపిండి కొలుచుట పెద్దలవంతు. వెల్లుల్లి వేయవలెనని శ్రీకాకుళము ఆమె. కూడదని గోదావరి ఆమె. తగవు తీరక రెండు జాడీలు పెట్టిరి! ఏడాదిగా పెదవి విప్పని మరియొకామె ఆనాడు ఉప్పు పాలు తక్కువైనదని అందరిని గద్దించినది. ఆ గద్దింపు విని మాకు కలిగిన సంతోషము ఇంతంత కాదు.

వైశాఖ శుద్ధ తదియనాడు సింహాచలమున చందనోత్సవము. స్వామి నిజరూప దర్శన మిచ్చు దిన మదియొక్కటియే. ఆ సమ్మర్దములో నిలువలేనివారు ఆశ్రమమందే సాన చుట్టును కూర్చుండి వంతులవారీగా గంధము తీసిరి. గుమ్మము ప్రక్క చలివేంద్రమును పెట్టిరి. ప్రొద్దుట రెండు గంటలసేపు ఇద్దరిద్దరు కూర్చుండి దారిన పోవువారికి మజ్జిగ పోయుదురు. ఆటో నడుపు అబ్బాయి త్రాగి, "సల్లగుండమ్మా" అని పోయినప్పుడు, నీరు త్రాగుటకు వెరచిన మన మామ్మగారి ముఖమును చూడవలెను. పుచ్చుకొను చేయి మరల పెట్టు చేయి అయినది.

2007లో పార్లమెంటు చేసిన చట్టము తల్లిదండ్రులను పోషించుట బిడ్డల విధియని చెప్పినది. రాష్ట్ర ప్రభుత్వములు జిల్లాకు కనీసము ఒక ఆశ్రమము చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకు చాలునట్లు నెలకొల్పుటకును దారి చూపినది. 14567 సంఖ్యకు ఫోను చేసినచో వృద్ధులకు సలహా లభించును. ఇవి యన్నియు మేలైనవే. కాని చట్టము కప్పు నీయగలదు, కూడు పెట్టగలదు, "అప్పా, నీ వంతు అయిపోనాదా?" అని అడుగజాలదు.

బడులకు సెలవు లిచ్చినారు. మీ పిల్లలను వెంటబెట్టుకొని సమీపమందలి ఆశ్రమమునకు పొండు. పుట్టినరోజున పండ్లు పంచి, ఫొటో తీసికొని మరలి వచ్చుటకు కాదు. ఏదో యొక పని నేర్చుకొనుటకు పొండు. నేర్చుకొన్నది ఒప్పజెప్పుటకు వచ్చే వారము మరల పొండు. రెండవసారి మీరు వత్తురని ఎదురుచూచుటయే వారికి పెద్ద బలము.