బర్డ్ ఫ్లూ: డాక్టరు అడగకపోయినా చెప్పవలసిన మాట



నేను పశువైద్యుణ్ణి. బర్డ్ ఫ్లూ వార్త వచ్చినప్పుడల్లా అందరూ నన్ను "చికెన్ తినవచ్చా?" అని అడుగుతారు. అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది. జబ్బు పడిన మనిషి అంతకు ముందు వేటిని ముట్టుకున్నాడు?

1997లో హాంకాంగ్‌లో హెచ్5ఎన్1 వైరస్ 18 మందికి సోకింది. ఆరుగురు మరణించారు. పరిశోధకులు రోగులను ఆరోగ్యవంతులతో పోల్చి చూశారు. జబ్బుకు ముందు వారంలో బతికున్న కోళ్లు అమ్మే బజారుకు వెళ్లినవారికే ప్రమాదం ఎక్కువని తేలింది. కోడిమాంసం తినడానికీ జబ్బుకూ సంబంధం కనిపించలేదు.

కాంబోడియాలో 2023 నుంచి వచ్చిన కేసులలో చాలామంది ఇంటి దగ్గర జబ్బుపడిన, చచ్చిన కోళ్లను ముట్టుకున్నవారే. అమెరికాలో 2024లో ఈ వైరస్ పాడి ఆవులకు సోకింది. పాలు పితికే కార్మికులలో చాలామందికి కళ్లు ఎర్రబడి తగ్గిపోయింది. కానీ 2025 జనవరిలో లూసియానాలో 65 ఏళ్లు దాటిన ఒకరు మరణించారు. వారికి పెరటి కోళ్లతోనూ, అడవి పక్షులతోనూ సంపర్కం ఉంది.

మన దేశంలో కోళ్లకు ఈ జబ్బు మొదటిసారి 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బయటపడింది. మనుషులలో మొదటి మరణం 2021లో హర్యానాకు చెందిన బాలుడిది. 2025 మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పాప మరణించింది. పచ్చి చికెన్ ముక్క తిన్నదని కుటుంబం చెప్పినట్లు వార్తలు వచ్చాయి.

భయపడవద్దు. ఇది ఇంతవరకు మనిషి నుంచి మనిషికి సులభంగా వ్యాపించడం లేదు. బాగా ఉడికిన మాంసం, గుడ్డు, కాచిన పాల వల్ల ప్రమాదం లేదు. కోడిని కోసేటప్పుడు, ఈకలు పీకేటప్పుడు పిల్లలను దగ్గరకు రానివ్వకండి. పచ్చి ముక్క వారి నోటికి అందనివ్వకండి. తరువాత చేతులు, కత్తి, పీట సబ్బుతో కడగండి. కోళ్లు వరుసగా చచ్చిపోతుంటే వండుకోవద్దు, అమ్మవద్దు, కాలువలో వేయవద్దు. పశుసంవర్ధక శాఖకు తెలియజేయండి. నష్టమని దాచిపెడితే పక్కింటి పిల్లలకు కూడా ముప్పే.

పక్షుల దగ్గర మెలిగిన పది రోజులలోపు జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే డాక్టరుతో ఆ సంగతి ముందే చెప్పండి. ఆయన అడగకపోవచ్చు. ఈ జబ్బుకు వాడే ఒసెల్టామివిర్ మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు.

విద్యార్థులారా, మీలో రేపు నర్సులు, డాక్టర్లు అయ్యేవారున్నారు. జ్వరంతో వచ్చిన మనిషిని "ఇంట్లో కోళ్లున్నాయా? ఏమైనా చచ్చాయా?" అని అడగడం అలవాటు చేసుకోండి. ఖర్చు లేని ఆ ప్రశ్న ఒక ప్రాణాన్ని కాపాడవచ్చు.