మెమరీ కార్డు వేగము

మాంగల్యధారణము క్షణకాలము. అప్పుడు మిర్రర్‌లెస్ కెమెరా ఎడతెగక తీసిన చిత్రములు తొలుత దాని బఫరున నిండి, పిదప కార్డునకు చేరును. కార్డు మందమైనచో బఫరు ఖాళీకాదు. కెమెరా ఆగును, ముహూర్తము ఆగదు.

ఎస్‌డీ కార్డుపై పెద్దగా అచ్చొత్తిన అంకె సాధారణముగా చదువు వేగము. మనకు వలసినది వ్రాత వేగము. వీ30, వీ60, వీ90 గుర్తులు సెకనుకు వరుసగా 30, 60, 90 మెగాబైట్లకు తగ్గని వ్రాతకు హామీ.

యూహెచ్‌ఎస్-2 కార్డు వెనుక లోహపు రేకులు రెండు వరుసలుండును. ప్రమాణము ననుసరించి దాని మార్గము సెకనుకు 312 మెగాబైట్లు. ఒంటివరుస యూహెచ్‌ఎస్-1 మార్గము 104. రీడరు ఒంటివరుసదైనచో ఎంత వెలగల కార్డైనను ఆ వేగమునకే దిగును.

కావున ముందు కెమెరా వివరణపుస్తకము చూచి, పిమ్మట కార్డును, దానికి దీటైన రీడరును కొనుడని నా మనవి.