మొదటి తొమ్మిది, తర్వాతి ఎనిమిది

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి "ఉద్యోగం సంగతులు వద్దు, నీకు బాగా ఇష్టమైన విషయం మీద పావుగంట మాట్లాడు" అన్నారు. హెవీ మెటల్ గురించి మాట్లాడతానన్నాను. సరేనన్నారు. నిన్న రాత్రి భోజనాల దగ్గర మన కెమిస్ట్రీ మాస్టారు నన్ను పక్కకి పిలిచి, "సీసం గురించా, పాదరసం గురించా?" అని అడిగారు. సంగీతం సార్ అన్నాను. వారు ఇంకేమీ అనకుండా నా భుజం తట్టి పెరుగన్నం వైపు వెళ్ళిపోయారు. ఆ భుజం తట్టడంలో జాలి ఎంతో, ఆశీర్వాదం ఎంతో నాకింకా తేలలేదు.

నేను చెప్పబోయేది ఐరన్ మెయిడెన్ అనే ఇంగ్లండు బృందం గురించి. 1975 డిసెంబరు 25న తూర్పు లండన్‌లో స్టీవ్ హ్యారిస్ అనే 19 ఏళ్ళ కుర్రాడు దాన్ని మొదలుపెట్టాడు. అతను బేస్ గిటార్ వాయిస్తాడు, పాటలు రాస్తాడు. మన సంఘం పుట్టిందీ ఆ సంవత్సరమే. అందుకే ఈ వేదిక మీద వాళ్ళ గురించి మాట్లాడే హక్కు నాకు కొంచెం ఉందనుకుంటున్నాను.

ఈ కథలో నాతోపాటు ఇంకొకడున్నాడు. మా బెంచివాడు. కథ చెప్పుకో, పేరు మాత్రం చెప్పకు అన్నాడు. కాబట్టి మావాడు అనే అంటాను.

1987లో మేం పదో తరగతి. మావాడి అన్నయ్య వరంగల్ ఆర్.ఇ.సి.లో చదువుతూ దసరా సెలవులకి వచ్చినప్పుడు, హాస్టల్లో కాపీ చేసుకున్న ఒక క్యాసెట్ తెచ్చాడు. 1984లో వచ్చిన 'పవర్‌స్లేవ్' ఆల్బమ్ అది. వాళ్ళ మేడ మీద గదిలో తలుపులు వేసుకుని పెట్టాం. రెండు నిమిషాలకే కింద నుంచి వాళ్ళ నాయనమ్మ "ఎవర్ని కొడుతున్నార్రా?" అని కేకేసింది.

ఆ క్యాసెట్ రెండో వైపు చివర పదమూడు నిమిషాలు దాటిన పాట ఒకటుంది. పక్షిని చంపిన ఒక ముసలి నావికుడి కథ. వింటూ వింటూ మావాడు లేచి నిలబడ్డాడు. "ఒరే, ఇది మన ఇంగ్లీషు మాస్టారు చెప్పిన కథ కదురా!" అన్నాడు. నిజమే. అంతకు ముందు వానాకాలంలో, కరెంటు లేని ఒక మధ్యాహ్నం, మాస్టారు పుస్తకం మూసేసి కోల్‌రిడ్జ్ రాసిన ఆ నావికుడి కావ్యం కథ చెప్పారు. దాన్నే హ్యారిస్ పాటగా కట్టాడు. మాస్టారూ, మీరు ముందు వరుసలోనే ఉన్నారు. ఆ రోజు క్లాసులో సగం మంది నిద్రపోయారని మీరు బాధపడి ఉంటారు. మేలుకున్న ఇద్దరం మాత్రం 38 ఏళ్ళుగా దాన్ని వింటూనే ఉన్నాం.

తర్వాత ఒక్కొక్కటే సంపాదించాం. 1982లో 'ది నంబర్ ఆఫ్ ది బీస్ట్'తో బ్రూస్ డికిన్సన్ అనే గాయకుడు వచ్చాడు. 1983లో 'పీస్ ఆఫ్ మైండ్'. అందులో 'ది ట్రూపర్' అనే పాట క్రిమియా యుద్ధంలో ఆశ్విక దళం ఫిరంగుల మీదికి దూసుకెళ్ళిన ఘట్టం. హ్యారిస్ బేస్ మీద వేళ్ళతో తా-కిట, తా-కిట అని వాయిస్తుంటే గుర్రపు డెక్కలే వినిపిస్తాయి. 1986 ఆల్బమ్‌లో అలెగ్జాండర్ మీద ఒక పాట ఉంది. సోషల్ క్లాసులో మావాడు లేచి గోర్డియన్ ముడి కథ చెబితే, మాస్టారు ముచ్చటపడి "ఎక్కడ చదివావురా?" అన్నారు. "క్యాసెట్లో సార్" అన్నాడు.

మావాడి అసలు విద్య మిమిక్రీ. హెడ్మాస్టారి దగ్గు నుంచి డికిన్సన్ కేక దాకా ఏదైనా దించేసేవాడు. స్కూల్ డే అంటే వాడే.

1988లో 'సెవెన్త్ సన్ ఆఫ్ ఎ సెవెన్త్ సన్' వచ్చింది. అదే ఏడు మేం పదో తరగతి గట్టెక్కి తలో దారీ పట్టాం. బృందం దారి కూడా అక్కడి నుంచే మళ్ళింది. 1990లో గిటారిస్టు ఏడ్రియన్ స్మిత్ వెళ్ళిపోయాడు. 1993లో డికిన్సనే వెళ్ళిపోయాడు. బ్లేజ్ బేలీ అనే కొత్త గాయకుడితో రెండు ఆల్బమ్‌లు చేశారు. 1998 నాటి 'వర్చువల్ ఎలెవెన్'లో పది నిమిషాల పాట ఒకటుంది, ఒకే పల్లవి తిరిగి తిరిగి వస్తుంది. "పాడిందే పాడరా పాచిపళ్ళ దాసరీ అని వీళ్ళని చూసే అన్నార్రా" అని మావాడు నాకు ఉత్తరం రాశాడు. వాడి తీర్పు అప్పుడే అయిపోయింది: ఈ బృందానివి మొదటి తొమ్మిది ఆల్బమ్‌లే. 1992తో సరి.

1999లో డికిన్సన్, స్మిత్ ఇద్దరూ తిరిగొచ్చారు. వెళ్ళినవాళ్ళు వచ్చారని మధ్యలో వచ్చిన జానిక్ గెర్స్‌ని పంపేయలేదు. ముగ్గురు గిటారిస్టులతో ఆరుగురయ్యారు. ఆ ఆరుగురే 2024 చివరి దాకా, పాతికేళ్ళు కలిసి ఉన్నారు. 2000లో 'బ్రేవ్ న్యూ వరల్డ్' మొదలుకొని 2021లో 'సెంజుట్సు' దాకా ఆరు ఆల్బమ్‌లు చేశారు. బేలీ రోజులవి రెండు కలిపితే తర్వాతి ఆల్బమ్‌లు ఎనిమిది. మొదటి తొమ్మిదీ మావాడివి, తర్వాతి ఎనిమిదీ నావి. వాడు గుంటూరులో, నేను పుణెలో. ఎస్టీడీ బిల్లులన్నీ ఈ తగవుకే పోశాం.

వాడి ఫిర్యాదులు తేలిగ్గా తీసిపారేసేవి కావు. ప్రతి పాటకీ ముందు నిమిషంన్నర మెల్లటి గిటారు. తర్వాత ఉరుకు, మళ్ళీ మెల్లటి గిటారు, సెలవు. ఎనిమిది నిమిషాలకు తక్కువైతే పాట కాదన్నట్టు ఉంటుంది. 1983లో నాలుగు నిమిషాల్లో చెప్పిన దానికి ఇప్పుడెందుకింత సాగదీత అంటాడు.

నా జవాబు ఒక్కటే. 'ది ట్రూపర్' పక్కన 2003 నాటి 'పాషెండేల్' పెట్టి వినమన్నాను. రెండూ యుద్ధం పాటలే, రెండింట్లోనూ సిపాయి చనిపోతాడు. మొదటిదాంట్లో గుర్రం ఎంత వేగంగా పోతుందంటే, చావు వచ్చిందన్న సంగతి మనకి పాటయ్యాక తడుతుంది. రెండోది 1917లో బెల్జియంలో, మొదటి ప్రపంచ యుద్ధపు బురద కందకాల్లో జరుగుతుంది. అక్కడ ఎవడూ ఎక్కడికీ పోలేడు. తాళాలు సన్నగా టిక్కుమంటుంటాయి. ఎదురుచూపు, ఉన్నట్టుండి విరుచుకుపడటం, మళ్ళీ ఎదురుచూపు. ఎనిమిదిన్నర నిమిషాలు. నాలుగు నిమిషాల్లో చెబితే అది ఆ యుద్ధం కాదు. ఇరవైల్లో ఉన్నవాడికి గుర్రం కనిపిస్తుంది, నలభైల్లో ఉన్నవాడికి బురద కనిపిస్తుంది. అదే నా వాదన. కచేరీలో ఆలాపనకి ఓపిగ్గా కూర్చునే జాతి మనది, గిటారు ఆలాపనకి కూర్చోలేమా అని కూడా అనేవాణ్ణి. వాడు ఫోన్లో గురక పెట్టేవాడు. మిమిక్రీ కదా!

2006లో 'ఎ మ్యాటర్ ఆఫ్ లైఫ్ అండ్ డెత్' వచ్చినప్పుడు వాళ్ళు ఒక పని చేశారు. ఆ ఏటి కచేరీల్లో కొత్త ఆల్బమ్ మొత్తం, మొదటి పాట నుంచి చివరి పాట దాకా వాయించారు. పాత పాటల కోసం డబ్బు కట్టి వచ్చినవాళ్ళలో కొందరు విసుక్కున్నారు. అయినా వాయించారు. ఇప్పుడు మేం ఇది, ఇదీ వినండి అన్నట్టు.

2007 మార్చి 17న వాళ్ళు మొదటిసారి మన దేశానికి వచ్చారు, బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి. ఇద్దరం వెళ్ళాం. మొదటి పాటే కొత్త ఆల్బమ్‌లోది. మావాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. 'ది ట్రూపర్' రాగానే వాడికి మళ్ళీ పద్నాలుగేళ్ళు వచ్చాయి. మళ్ళీ కొత్త పాట రాగానే మంచినీళ్ళ కోసమని పోయాడు. నేను ఒక్కణ్ణే నిలబడి విన్నాను, ఏదో గెలిచినట్టు.

ఇక్కడి నుంచి చెప్పేది నాకు కొంచెం కష్టం.

2013లో మా బ్యాచ్ పాతికేళ్ళ కలయిక ఇదే ఆవరణలో జరిగింది. మావాడు రాగానే అందరం చుట్టూ చేరాం. హెడ్మాస్టారిని చెయ్యరా అన్నాం, చేశాడు. డికిన్సన్ కేక పెట్టరా అన్నాం, పెట్టాడు. కడుపులు చెక్కలయ్యేలా నవ్వాం. రాత్రి బస్టాండులో వాడిని బస్సు ఎక్కిస్తుంటే, కిటికీలోంచి మామూలుగానే అన్నాడు: "ఇప్పుడేం చేస్తున్నావురా అని పొద్దుట్నుంచి ఒక్కరూ అడగలేదు."

బస్సు కదిలాక గుర్తొచ్చింది, నేనూ అడగలేదు. తర్వాత తెలిసింది. అప్పటికి ఏడాది ముందే వాడి షాపు మూతపడింది. ఇల్లు అమ్మేశాడు. నలభై ఏళ్ళ వయసులో ఇంకొకరి దగ్గర లెక్కలు రాసే పనిలో చేరాడు. పదమూడేళ్ళుగా తర్వాతి ఆల్బమ్‌లు వినాలని వాడితో వాదించినవాణ్ణి నేను. వాడి తర్వాతి కథ ఒక్క నిమిషం వినలేదు. చప్పట్లు కొట్టి పాత పాటే మళ్ళీ పాడించుకున్నాను.

ఆ తర్వాత వాడు ఏ కలయికకీ రాలేదు. ఫోన్ చేస్తే తీసేవాడు, పొడిపొడిగా మాట్లాడేవాడు. మెయిడెన్ ఊసెత్తేవాడు కాదు.

2015 సెప్టెంబరులో 'ది బుక్ ఆఫ్ సోల్స్' వచ్చింది. దాని పాటలన్నీ పాడేశాక డికిన్సన్‌కి నాలుక మొదట్లో క్యాన్సర్ అని తేలింది. చికిత్స పూర్తయి, వ్యాధి నయమైందని తెలిసిన తర్వాతే ఆల్బమ్ విడుదల చేశారు. చివరి పాట పద్దెనిమిది నిమిషాలు, వాళ్ళ పాటలన్నిట్లోకీ పొడుగైనది. డికిన్సన్ పియానో మీద కట్టాడు. 1930 అక్టోబరులో ఇంగ్లండు నుంచి అప్పటి మన దేశంలోని కరాచీకి బయల్దేరిన ఆర్-101 అనే గాలి ఓడ, తుపాను గాలిలో ఫ్రాన్స్‌లో కూలిపోయింది. 54 మందిలో 48 మంది పోయారు. ఆ ఓడ కథే ఆ పాట. డికిన్సన్ స్వయంగా పైలట్. 2008లో బృందాన్నీ సరంజామానీ బోయింగ్ 757లో వేసుకుని ముంబై వచ్చింది ఆయనే. ఏ గాలికి ఏమవుతుందో తెలిసినవాడు రాసిన పాట అది.

ఒక రాత్రి పదకొండింటికి ఫోన్. మావాడు. "పద్దెనిమిది నిమిషాల పాట విన్నానురా" అన్నాడు. ఎలా ఉంది అన్నాను. "పొడుగెక్కువ" అన్నాడు. కాసేపాగి, "ఓడ కూలుతుందని వాళ్ళకి ముందే అనుమానం ఉంది. అయినా బయల్దేరారు. నాకు మా షాపు గుర్తొచ్చింది" అన్నాడు. అప్పుడు అడిగాను, రెండేళ్ళు ఆలస్యంగా. ఇప్పుడేం చేస్తున్నావురా అని. ఆ రాత్రి వాడు ఒంటిగంట దాకా చెప్పాడు. నేను మధ్యలో మాట్లాడలేదు.

2025 మే నెలలో బుడాపెస్ట్‌లో మెయిడెన్ తమ స్వర్ణోత్సవ యాత్ర మొదలుపెట్టింది. నాలుగు దశాబ్దాలకు పైగా డ్రమ్స్ వాయించిన నికో మెక్‌బ్రెయిన్ 2023లో పక్షవాతం వచ్చినా కోలుకుని మళ్ళీ వాయించాడు గానీ, 2024 డిసెంబరులో యాత్రల నుంచి విరమించుకున్నాడు. ఈ యాత్రలో వాయించే పాటలన్నీ ఎక్కడివో తెలుసా? మొదటి తొమ్మిది ఆల్బమ్‌లవే! తర్వాతి ఎనిమిదింట్లోంచి ఒక్కటీ లేదు. మావాడు నాకు ఫోన్ చేసి అరగంట నవ్వాడు.

నేనూ నవ్వాను. పండగ పూట పాత పాటలు పాడుకోవడంలో తప్పేమీ లేదు. ఇవాళ మనం చేస్తున్నదీ అదే. వేపచెట్టు, మొదటి గంట, గోడ దూకడం: ఇవి మన మొదటి తొమ్మిది. ఎన్నిసార్లు పాడుకున్నా తనివి తీరదు. కానీ యాభై ఏళ్ళు నిలిచిన బృందం ఆ పాత పాటల మీదే బతికి ఉంటే నిలిచేది కాదు. ఎవరు విన్నా వినకపోయినా మళ్ళీ స్టూడియోకి వెళ్ళారు, కొత్తవి కట్టారు. కొన్ని బాగా వచ్చాయి, కొన్ని రాలేదు.

ఒక్క మనవి చేసి ముగిస్తాను. కాసేపట్లో భోజనాలు. మీ పక్కన కూర్చునేది క్లాసు ఫస్టు కావచ్చు, మిమిక్రీ చేసేవాడు కావచ్చు, మూల కూర్చుని మాట్లాడని అమ్మాయి కావచ్చు. పాత సంగతులు రెండు అయ్యాక, ఇప్పుడేం చేస్తున్నావని అడగండి. అడిగి, జవాబు పొడుగైనా వినండి.

మావాడు ఇవాళ వచ్చాడు. పన్నెండేళ్ళ తర్వాత. ఎక్కడ కూర్చున్నాడో చెప్పను. గుర్తుపట్టినవాళ్ళు మిమిక్రీ చెయ్యమని మాత్రం అడక్కండి. తనకి చెయ్యాలనిపిస్తే తనే చేస్తాడు. తర్వాతి ఆల్బమ్‌ల మీద మా తగవు ఇంకా తెగలేదు. 'వర్చువల్ ఎలెవెన్' విషయంలో మాత్రం ఇద్దరిదీ మొదటి నుంచీ ఒకే మాట.