పోయిన యాప్‌లను మరల తెచ్చుకొనుట
(మునగాలలో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



2025 డిసెంబరు మాసమున మూడు విడతలుగా జరిగిన ఎన్నికలలో గ్రామములు మీకు బాధ్యత అప్పగించినవి. మీలో పలువురు ఈ బాధ్యతకు క్రొత్తవారు. పంచాయతీ కార్యాలయమున రిజిస్టరులు, రసీదు పుస్తకములు, తాళపు చెవులు మీకు ముందుగా కనబడును. వీనితోపాటు కంటికి ఆనని ఆస్తి మరియొకటి కలదు. అది ఫోనులోని యాప్‌లు. పంచాయతీ ప్రణాళికలను, లెక్కలను చూపు ఈ-గ్రామస్వరాజ్ 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైనది. నీటి పైపు పగిలినదని, వీధి దీపము వెలుగుటలేదని వచ్చు ఫిర్యాదులకు వాట్సాప్ గుంపే నేడు కచేరీ చావడి.

ఇట్టి స్థితిలో ఫోను పగిలినను, పోయినను, క్రొత్తది కొన్నను, లేక ఇంటిలోని పిల్లవాడు తన ఆటకు చోటు చాలదని నాలుగు యాప్‌లను చెరిపివేసినను పని నిలిచిపోవును. అప్పుడు మనవారు చేయునది కోదాడకో సూర్యాపేటకో పోయి దుకాణములోని కుర్రవాని చేతికి ఫోను ఇచ్చుట. అతడు ఏమి చేసెనో మనకు తెలియదు. రుసుము చెల్లించి, బస్సెక్కి తిరిగి వత్తుము. ఆ పనిని మీరే, ఇంటి అరుగు మీద కూర్చుండి, రూపాయి ఖర్చు లేకుండ చేసికొనవచ్చునని చెప్పుటయే నేటి మా ప్రసంగ విషయము.

మునగాలవారికి ఈ సంగతిని గ్రంథాలయముతో పోల్చి చెప్పుట ఉచితముగా నుండును. 1901లో హైదరాబాదునందు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పిన పెద్దలలో మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారు ఒకరు. వారి దివాను కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులు గారు మరియొకరు. గ్రంథాలయమున అలమరలో పుస్తకము కనబడకపోయినను, పట్టికలో దాని పేరు నిలిచియుండును. ఆ పేరును బట్టి మరియొక ప్రతిని తెప్పించుకొనవచ్చును. కాని పాత ప్రతి అంచులలో మీరు పెన్సిలుతో వ్రాసికొన్న గుర్తులు క్రొత్త ప్రతిలో నుండవు. యాప్ సంగతియు అట్టిదే. యాప్ పుస్తకము, అందులో మీరు నింపిన వివరములు అంచున వ్రాసిన గుర్తులు, మీరు ఏయే పుస్తకములు తీసికొంటిరో వ్రాసియుంచిన పట్టిక మీ గూగుల్ ఖాతా. ఈ మూడింటిని వేరువేరుగా చూడగలిగినచో తక్కిన విషయము సులభము.

ముందుగా, యాప్ నిజముగా పోయినదా లేదా చూచుకొనవలెను. పలుమారులు అది పోవదు, మరుగున నుండును. మొదటి తెరపై గుర్తు కనబడకపోయినంత మాత్రమున యాప్ లేనట్లు కాదు. తెరను క్రిందినుండి పైకి జరిపిన యాప్‌లన్నియు కనబడును. పైనున్న వెదకు గడిలో పేరు వ్రాసిన చాలును. అక్కడను లేనిచో సెట్టింగ్స్‌లో యాప్స్ అను భాగమును తెరచి పూర్తి జాబితా చూడవలెను. నిలిపివేయబడిన యాప్‌లు అందులో దొరకును. ఎనేబుల్ అను మాటను తాకిన తిరిగి పనిచేయును. ఇక కొన్ని గుర్తులపై చిన్న మబ్బు బొమ్మ కనబడును. ఫోనులో చోటు చాలనప్పుడు, చాలకాలము వాడని యాప్‌ను కొంత కుదించి పెట్టు సదుపాయమును గూగుల్ 2023లో ప్రవేశపెట్టినది. అట్టి గుర్తును ఒకసారి తాకిన యాప్ మరల దిగును. ఇందులో మేలేమనగా, లోపలి వివరములు చెడక నిలిచియుండును.

యాప్ నిజముగా తొలగింపబడియున్నచో ప్లే స్టోరును తెరువుడు. పైన కుడివైపున గుండ్రని బొమ్మగాని, మీ పేరులోని మొదటి అక్షరముగాని యుండును. దానిని తాకిన వచ్చు వరుసలో మేనేజ్ యాప్స్ అండ్ డివైస్ అనుదానిని, పిదప మేనేజ్ అనుదానిని ఎంచుకొనుడు. అక్కడ ఇన్‌స్టాల్డ్ అను మాట కనబడును. దానిని తాకి నాట్ ఇన్‌స్టాల్డ్ అని మార్చుడు. ఆ ఖాతాతో మీరు పూర్వము దించుకొని, ఇప్పుడు ఈ ఫోనులో లేని యాప్‌లన్నియు వరుసగా నిలుచును. నాలుగేండ్ల క్రిందటి పాత ఫోనులో దించుకొన్నవియు అందులో నుండును. కావలసినవాని ప్రక్క గడిలో గుర్తుపెట్టి, పైనున్న దింపు గుర్తును తాకిన అన్నియు ఒక్కమారే వచ్చును. ఐఫోను గలవారు యాప్ స్టోరులో తమ బొమ్మను తాకి యాప్స్ అను భాగమునకు పోయిన ఇట్టి జాబితాయే కనబడును. మబ్బు గుర్తును తాకుట అక్కడి పద్ధతి.

పేరు వ్రాసి వెదకిన సరిపోదా యని కొందరు అడుగుచుందురు. సరిపోవచ్చును, కాని ఒకే పేరును పోలిన యాప్‌లు పలువురు పెట్టుచుందురు. ప్రభుత్వ పథకముల పేర్లతో నుండువాని విషయమున ఇది మరింత నిజము. పాత జాబితాలో నున్నది మీరు వాడిన ఆ యాప్ తప్ప మరియొకటి కాదు. అందుచే మొదట జాబితాను చూచుట, అక్కడ దొరకనిచో వెదకుట, దించుటకు ముందు ప్రచురించినవారి పేరు చదువుట అను క్రమమును మేము మేలైనదిగా తలంచుచున్నాము.

జాబితాలో పేరున్నను దిగని యాప్‌లు కొన్ని యుండును. 2020 జూన్ 29న భారత ప్రభుత్వము టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించినది. అట్టివానిని తెచ్చియిచ్చెదమని ఎవరైన లింకు పంపిన, అది మోసమేయని తెలిసికొనవలెను. ప్లే స్టోరు నుండి గాక వాట్సాప్‌లో ఫైలుగా వచ్చిన యాప్‌లు ఈ జాబితాలో ఎన్నడును కనబడవు, కనబడకుండుటయే మంచిది. పీఎం కిసాన్ డబ్బనియు, ట్రాఫిక్ చలానా యనియు, పెండ్లి శుభలేఖ యనియు పేర్లు పెట్టి పంపు ఏపీకే ఫైళ్లు ఫోనులో చేరి, బ్యాంకు సందేశములను దొంగిలించును. అట్టిదానిని పొరపాటున తెరచి డబ్బు పోగొట్టుకొన్నవారు సిగ్గుపడి ఊరకుండరాదు. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా తెలిపిన, డబ్బును బ్యాంకులలో నిలిపివేయుటకు అంత అవకాశము కలదు.

ఇక అసలు చిక్కునకు వత్తము. పై చెప్పిన పద్ధతి అంతయు ఒక్క ఖాతాపై ఆధారపడియున్నది. మన గ్రామములలో ఖాతా ఎట్లు పుట్టుచున్నది? ఫోను కొన్ననాడు దుకాణములోని కుర్రవాడు తన ఇష్టము వచ్చిన పేరుతో ఒక మెయిలు తెరచి, ఒక పాస్‌వర్డు పెట్టి ఇచ్చును. మనము దానిని వ్రాసికొనము. రెండేండ్లకు ఫోను మారును. మరియొక కుర్రవాడు మరియొక మెయిలు తెరచును. ఇట్లు ఒక్క మనిషికి మూడు నాలుగు ఖాతాలు. పాత యాప్‌ల జాబితా ఒక దానిలో, ఫోటోలు వేరొక దానిలో, పరిచితుల నంబరులు ఇంకొక దానిలో. క్రొత్త ఫోనులో నాట్ ఇన్‌స్టాల్డ్ అని నొక్కిన ఏమియు కనబడకపోవుటకు మూలకారణము తరచుగా ఇదియే. యాప్‌లు పోలేదు, మీరు వేరొక గ్రంథాలయపు పట్టికను చూచుచున్నారు.

మునగాల పరగణా నైజాము ప్రాంతము నడుమ కృష్ణా జిల్లా ముక్కగా నుండి, 1959లో నల్లగొండ జిల్లాలో చేరినది. 2016 అక్టోబరులో సూర్యాపేట జిల్లాలోనికి వచ్చినది. ఊరు ఉన్నచోటనే యున్నది, జిల్లా మారినది. ఫోను విషయమున దీనికి విరుద్ధముగా జరుగవలెను: ఫోను ఎన్నిమారులు మారినను ఖాతా ఒక్కటే నిలువవలెను.

పాత ఫోను ఇంకను చేతనున్నచో ప్లే స్టోరులో ఆ గుండ్రని బొమ్మను తాకిన ఖాతా పేరు కనబడును. దానిని వ్రాసికొని, క్రొత్త ఫోనులో అదే ఖాతాను చేర్చుకొనుడు. పాస్‌వర్డు మరచినచో, ఖాతాకు జతచేసిన ఫోను నంబరుకు సంకేతము తెప్పించుకొని మార్చుకొనవచ్చును. ఆ నంబరు రద్దయి యున్నచో చిక్కు పెరుగును. అందుచే పాత సిమ్మును విడుచుటకు ముందు ఖాతాలో క్రొత్త నంబరు చేర్చుట మరువరాదు. రెండేండ్లు ఎవరును తెరువని ఖాతాను తొలగించు అధికారము తనకు కలదని గూగుల్ 2023లో ప్రకటించినది. పాత ఖాతాలో పనికివచ్చునది ఏదైన నున్నచో జాగు చేయక తెరచి చూడవలెను.

పంచాయతీ పనికి వాడు ఫోనులో ఎవరి ఖాతా యుండవలెను? ఇది సాంకేతిక విషయమువలె తోచినను, నిజమునకు పరిపాలనా విషయము. మన పంచాయతీలలో సగము స్థానములు స్త్రీలవి. సర్పంచిగా ఎన్నికైన సోదరి పేర రావలసిన సంకేత సందేశము భర్తగారి ఫోనుకో, మరిది ఫోనుకో పోవుచున్నచో, గ్రామము అధికారము అప్పగించినది ఒకరికి, తాళపు చెవి యున్నది మరియొకరి మొలలో. ఫోను ఆమెది, నంబరు ఆమెది, ఖాతా ఆమెది కావలెను. కార్యాలయపు ఫోనునకు పంచాయతీ పేర ప్రత్యేకముగా ఒక ఖాతా తెరచి, దానిలో సొంత పనుల యాప్‌లు చేర్చకుండుట మేలు. కార్యదర్శి బదిలీయై పోవునపుడు రిజిస్టరులతోపాటు ఆ ఖాతాను గూడ అప్పగించి, ఆనాడే పాస్‌వర్డు మార్చవలెను.

యాప్ తిరిగి వచ్చిన పిమ్మట లోపలి వివరములు వచ్చునా అను ప్రశ్న మిగిలియున్నది. దీనికి ఒకే సమాధానము లేదు. బ్యాంకు డబ్బు యాప్‌లో నుండదు, బ్యాంకులో నుండును. కావున ఫోన్‌పే, భీమ్ వంటివి చెరిగిపోయినను పైసా పోదు. బ్యాంకులో నమోదైన సిమ్ము ఫోనులో నుంచి తిరిగి నమోదు చేసికొనిన చాలును. డిజీలాకరులోని పత్రములును అట్లే. మరల ప్రవేశింపగనే కనబడును. వాట్సాప్ మాత్రము వేరు తీరు. అదే నంబరుతో తిరిగి నమోదు చేయునపుడు, పాత సందేశములను పునరుద్ధరింతునా యని రిస్టోర్ అను మాటతో అడుగును. తొందరలో దానిని దాటవేసినచో పిదప తెచ్చుకొనుట కష్టము. అదియును ముందుగా గూగుల్ ఖాతాలో బ్యాకప్ చేసియున్ననే.

అన్నిటికంటె ప్రమాదమైనది ఫోనులోనే నిలిచి, పైకి చేరని వివరము. ఉపాధి హామీ పనులలో కూలీల హాజరును ఫోటోలతో నమోదు చేయు యాప్ 2021 మేలో ప్రవేశపెట్టబడి, 2023 జనవరి 1 నుండి తప్పనిసరి చేయబడినది. సిగ్నలు లేనిచోట తీసిన హాజరు ఫోనులో నిలిచి, సిగ్నలు అందిన పిదప పైకి పోవు ఏర్పాటు దానికి గలదు. ఇట్టి యాప్ ఏదైనను, ఆ నడుమ గంటలలో మొరాయించినదని తొలగించి మరల దించినచో యాప్ క్రొత్తగా వచ్చును. ఆ దినపు హాజరు రాదు. ఎండలో రోజంతయు మట్టి తవ్విన మనిషికి కూలి పోవును. అందుచే పంచాయతీ పని యాప్ దేనినైనను తొలగించుటకు ముందు, పంపవలసినదంతయు పంపబడెనా యని చూచుట నియమముగా పెట్టుకొనవలెను. క్లియర్ డేటా అను మాటను తాకుటయు తొలగించుటతో సమానమే. కొన్ని నెలలు వాడని యాప్‌నకు కెమేరా, స్థల నిర్ధారణ అనుమతులను ఫోను తనంతట తానే రద్దుచేయును. యాప్ చెడినదని తలపక, సెట్టింగ్స్‌లో ఆ అనుమతులను తిరిగి ఇచ్చి చూడవలెను.

ఫోనే దొంగిలింపబడినచో పోలీసు స్టేషనులో ఫిర్యాదు చేసి, అదే నంబరుతో సిమ్ము తీసికొని, 2023 మేలో ప్రారంభమైన సంచార్ సాథీ ద్వారా ఆ ఫోనును పనిచేయకుండ నిలిపివేయవచ్చును. దీనికి ఫోను ఐఎంఈఐ సంఖ్య కావలెను. *#06# అని నొక్కిన ఆ సంఖ్య తెరపై వచ్చును. ఫోను చేతనున్నప్పుడే దానిని పంచాయతీ వస్తువుల రిజిస్టరులో వ్రాసియుంచవలెను. దాని ప్రక్కన ఖాతా పేరును, దానికి జతచేసిన నంబరును వ్రాయుడు. పాస్‌వర్డును మాత్రము రిజిస్టరులో వ్రాయరాదు. అంటించిన కవరులో పెట్టి బీరువాలో నుంచుడు.

ఇప్పుడు అందరును ఫోనులు తీయుడు. ప్లే స్టోరు తెరచి, ఆ గుండ్రని బొమ్మను తాకి, మీ ఖాతా పేరు ఏమున్నదో కాగితముపై వ్రాసికొనుడు. అది తాము ఎరుగని పేరైనవారు భోజనానంతరము మా బల్లయొద్దకు రండు. పాత సిమ్ము ఇంటనున్నచో ఫోను చేసి తెప్పించుడు.