ముందు చెప్పని చిత్రోత్సవము



అమెరికా సంయుక్త రాష్ట్రములలో కొలరాడో పర్వతప్రాంతము. దాని నైరృతి భాగమున, మూడు వైపుల నిలువుకొండలును ఒకవైపు మాత్రమే దారియు గల లోయలో, సముద్రమట్టమునకు రమారమి 8,750 అడుగుల యెత్తున టెల్యురైడ్ అను చిన్న పట్టణము కలదు. సెప్టెంబరు మొదటి సోమవారము అచటివారికి శ్రామిక దినోత్సవము. ఆ సెలవుదినములలో ఏటేట ఆ యూర నొక చలనచిత్రోత్సవము జరుగుచుండును.

చిత్రోత్సవములు లోకమున వందలకొలదిగా నుండగా దీనినే యేఱి చెప్పుట యెందులకని మీ రడుగవచ్చును. ఇందు ఏ యే చిత్రములు చూపుదురో ముందుగా చెప్పరు. నెలల ముందే ప్రవేశపత్రములు కొని, దేశాంతరములనుండి కొండలెక్కి వచ్చినవారికి సైతము ఉత్సవారంభమునకు ముందునాడు గాని పట్టిక తెలియదు. చూపిన చిత్రములను పోటీకి నిలిపి, ఇది మొదటిది, ఇది రెండవది యని నిర్ణయించుటయు లేదు. ప్రేక్షకునికి ముందు ప్రకటన లేదు. వెనుక తీర్పు లేదు. స్వతంత్ర చిత్రోత్సవ మనగా పెద్ద నిర్మాణశాలలతో పొత్తు లేనిదని సాధారణముగా చెప్పుదురు. ఇచట పెద్దవారి చిత్రములును ఆడుచుండును గనుక ఆ యర్థ మిచట పూర్తిగా చెల్లదు. చూచువానికి స్వాతంత్ర్య మిచ్చునది యను అర్థము చెప్పుకొన్నచో చక్కగా పొసగును.

మన పూర్వపు పద్ధతి వేఱు. చిత్రము వచ్చుటకు ముందే బండిమీద బాజాలతో ఊరూర కరపత్రములు చల్లెడివారు. డేరాలోని ప్రదర్శనకు పోయినవారు పాటల పుస్తకము కొని, అందలి కథాసంగ్రహమును చదువుకొనెడివారు. కథ మంచిపట్టున నాపివేసి, తక్కినది తెరమీద చూడుడని అందు అచ్చువేసెడివారు. సగము చెప్పి సగము దాచుట మన నేర్పు. పూర్తిగా దాచుట టెల్యురైడ్ వారి నేర్పు.

ఊరి పూర్వకథ కొంత చెప్పవలెను. వెండి బంగారములకై కొండలు త్రవ్వవచ్చినవారు 1878లో దీనిని కొలంబియా యను పేర స్థాపించిరి. కాలిఫోర్నియాలో అదే పేరుగల ఊరు వేఱొకటి యుండుటచే తపాలాకు చిక్కు కలుగగా పేరు మార్చుకొనిరి. 1890లో రైలు వచ్చినది. మఱుసటి యేట సమీపమున ఏమ్స్ అనుచోట నీటిబలముచే ఏకాంతర విద్యుత్తును పుట్టించి గనియంత్రమును నడపిరి. పరిశ్రమకై అట్టి విద్యుత్తును వాడిన తొలి యత్నములలో అది యొకటి. 1889 జూను 24వ తేదీన బుచ్ కాసిడీ యను దొంగ తన తోడివారితో ఇచటి బ్యాంకును పట్టపగలు దోచి, 20,000 డాలర్లకు పైగా ధనముతో పాఱిపోయినాడు. ఎనుబదియేండ్లకు, 1969లో, వానినే నాయకునిగా చేసి హాలీవుడ్ వారు చిత్రము తీసిరి. బ్యాంకును దోచినవాడు తెరపై ప్రేక్షకుల మనస్సులను దోచినాడు!

గనులు సన్నగిల్లగా ఊరు కొన్ని వందల జనముతో మిగిలినది. 1961లో ప్రభుత్వము దీనిని జాతీయ చారిత్రక స్థలముగా గుర్తించినది. పాత కట్టడములలో 1913లో కట్టిన షెరిడన్ నాటకశాల యొకటి. రెండువందల పైచిలుకు జనము మాత్రమే పట్టు ఆ శాలను బిల్ పెన్స్, స్టెల్లా పెన్స్ అను దంపతులు బాగుచేయించి చిత్రప్రదర్శనకు తెచ్చిరి. రోచెస్టరు నగరమున పాత చిత్రములను భద్రపఱచిన జేమ్స్ కార్డ్, బర్క్‌లీ నగరపు చిత్రభాండారమునకు చెందిన టామ్ లడ్డీ వారితో కలసిరి. 1974లో మొదటి యుత్సవము జరిగినది.

పోటీ లేదన్నంతమాత్రమున చిక్కు లేకపోలేదు. ఏటేట కొందఱు కళావేత్తలను సన్మానించుట వీరి ఆచారము. తొలియేట సన్మానము పొందినవారు మూకీచిత్రముల నాటి నటి గ్లోరియా స్వాన్సన్, దర్శకుడు ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా, జర్మనీ దేశపు లేనీ రీఫెన్‌స్టాల్. ఈ మూడవయామె హిట్లరు పక్షమువారి న్యూరెంబర్గు మహాసభను అతిశయముగా చిత్రించి కీర్తి గడించినది. ఆమెను సన్మానించుట తగదని పలువురు నిరసించిరి. నిరసించినవారిదే న్యాయమని నా యభిప్రాయము. ఆమె చిత్రమును చూపి చర్చించుట వేఱు, ఆమె మెడలో దండ వేయుట వేఱు. తీర్పు చెప్పమనువారును దండ పట్టుకొన్నపుడు తీర్పు చెప్పినవారే యగుదురు.

బహుమానములు మనవారికి క్రొత్తవి గావు. భరతముని నాట్యశాస్త్రమున ప్రయోగమును పరీక్షించు ప్రాశ్నికులను పేర్కొని, గెలిచినవారికి పతాక మీయవలెనని విధించినాడు. అచటనే ఉత్తమ ప్రేక్షకుని లక్షణమును చెప్పినాడు: పాత్ర సంతోషించునపుడు తాను సంతోషించి, శోకించునపుడు తాను శోకించువాడట. పతాకమెవరికో యని కాచుకొన్నవానికి ఈ లక్షణము పట్టుట కష్టము. బహుకాలము బాలుర పత్రములు దిద్దినవాడను గనుక నొక్కమాట చెప్పగలను. అంకె వేసి యిచ్చినచో బాలుడు అంకెనే చూచును. తాను వ్రాసినదానిని మరల చదువడు. అంకె వేయక యిచ్చిననాడు మొదట గోల చేసి, పిదప చదువనారంభించును.

2016లో ఇచటివారు మూన్‌లైట్ అను చిత్రమును లోకమున మొట్టమొదట ప్రదర్శించిరి. స్వల్పవ్యయముతో తీసిన ఆ చిత్రమునకు దర్శకుడు బారీ జెన్కిన్స్. అతడు తొలుత విద్యార్థిగా ఈ యుత్సవమునకు వచ్చి, తరువాత చాల యేండ్లు ఇచటనే కార్యకర్తగా పనిచేసినాడు. మఱుసటి యేట ఉత్తమచిత్రమునకు ఆస్కారు బహుమానము దానికే వచ్చినది. బహుమానము లేనిచోట మొదట చూచినవారికి, అది గెలువబోవునది యను ఊహ అడ్డు రాలేదు గదా!

అయినను నాకు మనసున గ్రుచ్చుకొను విషయ మొకటి యున్నది. మంచుమీద జాఱు క్రీడకై 1972లో ఏర్పాట్లు జరిగినప్పటినుండి ధనికులు ఈ లోయకు రాసాగిరి. ఇండ్ల వెలలు సామాన్యునికి అందకుండ పోయినవి. ఉత్సవపు ప్రవేశపత్రము వెలయు హెచ్చే. 1978లో పెద్ద గని మూతపడినది. గనిలో చెమటోడ్చినవాని మనుమడు నేడు ఆ యూర కాపురముండుట దుర్లభము. ఏ చిత్రమో చెప్పకయే నమ్మి సొమ్ము కట్టుడనుట, సొమ్మున్నవానితో చెల్లుమాట. స్వాతంత్ర్యమునకు ఇంత మూల్యమా?

దీనికి పూర్తి సమాధానము కాకున్నను, ఊరి నడుమ ఎల్క్స్ ఉద్యానమున రుసుము లేకుండ చిత్రములు చూపు బయలు ప్రదర్శనస్థల మొకటి గలదు. దానికి అబెల్ గాన్స్ పేరు పెట్టిరి. ఆయన ఫ్రెంచి దర్శకుడు. 1927లో నెపోలియన్ చరిత్రను మూకీచిత్రముగా తీసి, కొన్ని ఘట్టములకు మూడు తెరలు ప్రక్కప్రక్కన నిలిపి చూపినాడు. కొలది కాలమునకే మాటాడు చిత్రములు వచ్చినవి. ఆయన కృతిని ముక్కలు చేసి, తగ్గించి, చెల్లాచెదరు చేసిరి. 1950 తరువాత ఇంగ్లండులో కెవిన్ బ్రౌన్‌లో అను పాఠశాల బాలునికి, ఇంట చూచుకొను సన్నని ఫిలిము చుట్టలలో ఆ చిత్రపు తునుకలు దొరకినవి. అతడు పెరిగి పెద్దవాడై, దేశదేశములనుండి తక్కిన తునుకలను కూర్చినాడు.

1979లో ఆ కూర్చిన చిత్రమును టెల్యురైడ్‌లో ఆరుబయట చూపిరి. ఇంచుమించు ఐదుగంటల ప్రదర్శన, కొండగాలి, చలి. గాన్స్ స్వయముగా వచ్చియుండెను. ఆయనకు 89 ఏండ్లు. బ్యాంకు దోపిడి జరిగిన 1889వ సంవత్సరముననే పుట్టినవాడు. మైదానమున కూర్చుండ నోపక, చేరువనున్న షెరిడన్ హోటలు గది కిటికీవద్ద నిలువబడి, యేబది రెండేండ్ల క్రిందటి తన చిత్రమును చూచినాడు. క్రింద జనము కంబళ్ళు కప్పుకొని కూర్చుండిరి. వారిలో పెక్కుమందికి గాన్స్ పేరు అంతకుముందు తెలియదనుకొనుటలో తప్పులేదు. మఱి రెండేండ్లకు, 1981 నవంబరులో, ఆయన పారిస్ నగరమున కన్నుమూసినాడు.